ఆరుసార్లు కొట్టాం, పేలలేదు: బల్క్ డ్రగ్ కంపెనీల భద్రతా విభాగాలకు బహిరంగ లేఖ

బల్క్ డ్రగ్ కంపెనీల్లో ప్రాసెస్ సేఫ్టీ, ఈహెచ్ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత), టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ పనులు చూసే పెద్దలందరికీ,

నమస్కారం.

పదకొండేళ్లు ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో హ్యామర్ దగ్గర పనిచేశాను. మీరు పంపిన పౌడర్ల మీద బరువులు వేసి, పేలిందా లేదా చూసి, రిపోర్ట్ రాసి పంపడమే నా ఉద్యోగం. ఆ రిపోర్టుల ఆఖరి పేజీలో 'ఇంపాక్ట్ సెన్సిటివ్ కాదు', అంటే దెబ్బ తగిలితే పేలదు, అని ఒక లైను ఉంటుంది. చాలామంది మొదటి పేజీలో కంపెనీ పేరు సరిగ్గా ఉందో లేదో చూసి, నేరుగా ఆ లైను దగ్గరికి వెళ్లి, ఫైల్లో పెట్టేస్తారు. ఈ ఉత్తరం ఆ ఒక్క లైను గురించే.

ఆ లైను నన్ను మొదటిసారి ఇబ్బంది పెట్టింది ల్యాబ్‌లో కాదు, ప్లాంట్‌లో. ఏదో పనిమీద ఒక యూనిట్‌కి వెళ్లాను. ఫిల్టర్‌లో కేకు, అంటే వడకట్టాక మిగిలిన పౌడర్ ముద్ద, గట్టిపడి అడుగుకి పట్టేసింది. యాభై దగ్గరపడిన ఒక ఆపరేటర్ స్టీలు స్క్రేపర్‌తో దాన్ని పెకలిస్తున్నాడు. నన్ను చూసి ఆగి అడిగాడు.

"సార్, ఈ మెటీరియల్ టెస్టు చేసింది మీరేనంట కదా?"

"అవునన్నా."

"కొట్టినా ఏం కాదని రాశారంట. మా ఇంచార్జి చెప్పాడు."

"ఆరుసార్లు కొట్టి చూశాం. పేలలేదు."

ఆయన నవ్వాడు. "ఆరుసార్లేనా? కేకు ఇట్లా పట్టేస్తే నేను ఒక్క షిఫ్టులో అంతకు పదింతలు కొడతా సార్."

ఆ రోజు అక్కడ ఏమీ జరగలేదు. కేకు వచ్చేసింది, డ్రయ్యర్‌కి పోయింది. కానీ బస్సులో తిరిగొస్తున్నంతసేపూ ఆ నవ్వు నన్ను వదల్లేదు. స్టాటిస్టిక్స్‌లో పీజీ చేసిన నాకు తట్టని ప్రశ్న స్క్రేపర్ పట్టుకున్న మనిషికి తట్టింది.

ఆ ఆరు ఎక్కడిదో మీకు తెలుసు. ప్రమాదకర సరుకుల రవాణా కోసం ఐక్యరాజ్యసమితి తయారుచేసిన పరీక్షల మాన్యువల్‌లో బామ్ ఫాల్‌హ్యామర్ అనే, బరువు పడేసి చూసే పద్ధతి ఉంది. రెండు ఉక్కు సిలిండర్ల మధ్య 40 ఘన మిల్లీమీటర్ల పౌడర్ పెడతాం, అంటే చిటికెలో సగం కూడా ఉండదు. దానిమీద బరువు వదులుతాం. 10 జౌల్స్ దగ్గర మొదలుపెడతాం. ఐదు కిలోల బియ్యం సంచిని జానెడు ఎత్తు నుంచి వదిలితే ఎంత దెబ్బో దాదాపు అంత. పేలితే దెబ్బ తగ్గిస్తూ పోతాం, పేలకపోతే పెంచుతూ పోతాం. కనీసం ఆరుసార్లు కొట్టినప్పుడు ఒక్కసారైనా పేలిన అతి తక్కువ శక్తి ఏదో, అదే ఆ పదార్థానికి హద్దు. పీఈటీఎన్ అనే పేలుడు పదార్థం పొడిగా ఉంటే దానికి ఆ హద్దు 3 జౌల్స్. హద్దు 2 జౌల్స్‌కి మించకపోతే ఆ పదార్థాన్ని ఆ రూపంలో లారీ ఎక్కించడానికి వీల్లేదు.

మాన్యువల్‌ని నేను తప్పుపట్టడం లేదు. డ్రమ్ము మీద ఏ లేబుల్ అంటించాలి, లారీ ఎక్కించవచ్చా లేదా తేల్చడానికి అది పెట్టిన పరీక్ష. ప్రపంచంలో అందరూ ఒకే తీరుగా చేయాలి, తక్కువ మెటీరియల్‌తో త్వరగా తేలాలి. ఆ పనికి ఆరు దెబ్బలు చాలు. ఇబ్బందల్లా ఎక్కడొచ్చిందంటే, లేబుల్ కోసం పుట్టిన ఆరుని మనం మిల్లింగ్ రూమ్‌లోకి, డ్రయ్యర్ దగ్గరికి, స్క్రేపర్ పట్టుకున్న మనిషి చేతిలోకి తీసుకొచ్చాం.

ఆరు దెబ్బలు ఎంత చెప్పగలవో చూడండి. ఇంట్లో పాచిక ఉంటే ఆరుసార్లు వేయండి. ఒక్క ఆరు కూడా పడకపోవడానికి మూడింట ఒక వంతు అవకాశం ఉంది. అంటే, ప్రతి ఆరు దెబ్బలకీ సగటున ఒకసారి పేలే పౌడర్ ఉందనుకుంటే, మా ల్యాబ్‌కి వచ్చిన ప్రతి మూడు సందర్భాల్లో ఒకసారి ఆ మెట్టు మీద 'పేలలేదు' అనే రిపోర్టే తీసుకుపోతుంది. పది దెబ్బలకి ఒకసారి పేలేదైతే సగానికి పైగా సందర్భాల్లో తప్పించుకుంటుంది. ఇంకోవైపు నుంచి చెప్పాలంటే, ఆరింటికి సున్నా వచ్చినప్పుడు 95 శాతం నమ్మకంతో మనం అనగలిగిన మాట ఒక్కటే: ఒక్కో దెబ్బకి పేలే అవకాశం 39 శాతం మించదు. ముప్ఫై తొమ్మిది! ఈ అంకె ఆఖరి పేజీలో ఉంటే ఆ ఇంచార్జి 'కొట్టినా ఏం కాదు' అనేవాడా?

అవకాశం ఒక శాతానికి మించదని అదే నమ్మకంతో చెప్పాలంటే ఒక్కటీ పేలకుండా 299 దెబ్బలు కావాలి. వెయ్యిలో ఒకటి అనాలంటే దాదాపు మూడు వేలు. అన్ని దెబ్బలు ఎవరూ కొట్టరు, కొట్టమని నేనూ అడగడం లేదు.

ఇది పౌడర్ డస్ట్‌కీ వర్తిస్తుంది. గాల్లో తేలే ధూళిని నిప్పురవ్వతో అంటించి, అంటుకోవడానికి కనీసం ఎంత శక్తి కావాలో చూసే ఎంఐఈ టెస్టులో మెట్లు 1, 3, 10, 30, 100, 300, 1000 మిల్లీజౌల్స్ అని మూడింతల చొప్పున ఉంటాయి. ఒక మెట్టు దగ్గర సాధారణంగా వరసగా పదిసార్లు అంటుకోకపోతే అక్కడ అంటుకోదని రాస్తాం. పదింటికి సున్నా అంటే పై హద్దు 26 శాతం. 2025 జూన్ 30న పాశమైలారంలో ఫార్మా ప్లాంట్ పేలుడులో 50 మందికి పైగా పోయారు, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో అలాంటి పేలుడులోనే 17 మంది పోయారు. ఆ రెండు ఘోరాలకీ నేను చెప్పే టెస్టులకీ ముడిపెట్టడం లేదు, అది నా పరిధి కాదు. కానీ ఆ తర్వాత కంపెనీలన్నీ రిపోర్టుల కోసం పరుగులు తీశాయి, మా ల్యాబ్ లాంటివాటి ముందు శాంపిళ్లు క్యూ కట్టాయి. ఫైళ్లు నిండాయి. ఫైల్లో ఉన్న అంకెకి అర్థం ఏమిటని అడిగిన ఫోన్లు మాత్రం నాకు గుర్తున్నంతవరకు రెండో మూడో.

మరి ఏం చేయాలి? దారి ఎప్పటినుంచో ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, బ్రూస్టన్ అనే ఊళ్లో ఒక పేలుడు పదార్థాల పరిశోధనశాల ఉండేది. అక్కడివాళ్లు ఒక చిన్న ఉపాయం చేశారు. పేలితే ఒక మెట్టు దిగు, పేలకపోతే ఒక మెట్టు ఎక్కు. ప్రతి మెట్టు మీదా ఒక్క దెబ్బే. కొత్తగా చేరినవాళ్లకి దీన్ని వైకుంఠపాళి అని చెప్పేవాణ్ణి. పేలుడు పాము, పేలకపోవడం నిచ్చెన. ఆట సగం పేలే, సగం పేలని ఎత్తు చుట్టూ తనంతట తనే తిరుగుతుంది. 1948లో డిక్సన్, మూడ్ అనే ఇద్దరు దీనికి లెక్క రాసిపెట్టారు. కాగితం, పెన్సిల్ చాలు.

ఒక ఆట ఆడి చూపిస్తాను. ఇది ఉదాహరణకి నేను అల్లుకున్నది, ఏ కంపెనీ పౌడరూ కాదు. మెట్లు 16, 20, 25, 32 సెంటీమీటర్లు. ఒక్కో మెట్టూ కిందిదానికి దాదాపు ఒకటింపావు రెట్లు ఎత్తు. 32 దగ్గర మొదలుపెట్టాను, పేలింది. 25, పేలింది. 20, పేలలేదు. మళ్లీ 25, ఈసారి పేలలేదు. 32, పేలింది. ఇలా ఇరవై దెబ్బలు. మొత్తం 11 పేలాయి, 9 పేలలేదు. పేలనివాటిలో 16 దగ్గర ఒకటి, 20 దగ్గర ఐదు, 25 దగ్గర మూడు. ఆ తొమ్మిదింటితో లెక్క కడితే సగం పేలే ఎత్తు దాదాపు 23.5 సెంటీమీటర్లు. ఎత్తుల లాగరిథమ్‌లో తీసుకున్న చెదురు, అంటే సిగ్మా, 0.069.

ఆరు దెబ్బల పరీక్ష చెప్పనిదే ఈ రెండో అంకె. ఒకే ఎత్తు దగ్గర సగం సగం పేలే రెండు పౌడర్లు ఉండొచ్చు. ఒకటి ఆ ఎత్తు కింద పూర్తిగా నోరు మూసుకుంటుంది. ఇంకొకటి చాలా కింద కూడా ఎప్పుడో ఒకసారి అంటుకుంటుంది. ప్లాంట్‌లో మనకి భయం ఈ రెండోదానితోనే. సిగ్మా చిన్నదైతే మొదటి రకం, పెద్దదైతే రెండో రకం.

ఇక్కడే నా తోటి స్టాటిస్టిక్స్ వాళ్లతో నాకో పేచీ ఉంది. వాళ్లు సిగ్మా చేతిలో పడగానే సంబరంగా తోక దాకా, అంటే చాలా అరుదుగా పేలే ఎత్తుల దాకా, వెళ్లిపోతారు. పై ఉదాహరణలో నార్మల్ వక్రం (గంట ఆకారపు గీత) అనుకుంటే వెయ్యిలో ఒకసారి పేలే ఎత్తు 14.5 సెంటీమీటర్లు, పది లక్షల్లో ఒకసారి పేలేది 11. అదే మధ్య, అదే చెదురు ఉంచి నార్మల్ బదులు దాదాపు అలాగే ఉండి తోక కాస్త మందంగా ఉండే లాజిస్టిక్ వక్రం అనుకోండి: వెయ్యిలో ఒకటి 13కి, పది లక్షల్లో ఒకటి 7కి దిగిపోతాయి. ఇరవై దెబ్బల్లో ఈ రెండు వక్రాల్లో ఏది నిజమో తేల్చడం అయ్యే పని కాదు. పైగా ఇరవై దెబ్బలకి సిగ్మా నిజంగా రెండింతలు ఉన్నా ఆశ్చర్యం లేదు. అప్పుడు నార్మల్ లెక్కలోనే వెయ్యిలో ఒకటి 9 దగ్గరికి, పది లక్షల్లో ఒకటి 5 దగ్గరికి వస్తాయి. మధ్య ఎత్తు మాత్రం ఈ మార్పులన్నిటికీ కదలకుండా 23.5 దగ్గరే కూర్చుంటుంది. కాబట్టి ఎవరైనా పాతిక దెబ్బల రిపోర్టులో 'పది లక్షల్లో ఒకటి' అని ఒక్క అంకె రాసి ఇస్తే, దయచేసి ఆ కాగితం వెనక్కి పంపండి.

మధ్యలో ఒక్క మాట. అవకాశాన్ని వక్రంగా గీసే ఈ లెక్కకి పేరొచ్చింది పేలుడు పదార్థాల దగ్గర కాదు, పురుగుల దగ్గర. ఎంత మందు కొడితే ఎన్ని పురుగులు చస్తాయో చూస్తూ 1934లో చెస్టర్ బ్లిస్ 'ప్రాబిట్' అనే మాట పుట్టించాడు. పురుగైనా పౌడరైనా చిక్కు ఒకటే: ఒక్కో దానికి ఒక్కో హద్దు ఉంటుంది, ఆ హద్దుని నేరుగా కొలవలేం. కొట్టాక పేలకపోయినా అది మొదటి పౌడర్ కాదు, నలిగిపోయింది. దాన్నే మళ్లీ ఇంకాస్త గట్టిగా కొట్టి చూద్దామంటే కుదరదు. దొరికేది 'అవును' లేదా 'కాదు', అంతే.

మరి దొరికే ఆ కొద్దిపాటి సమాచారాన్ని దుబారా చేయకుండా ఎలా వాడాలి? స్టాటిస్టిక్స్‌లో దిగ్గజమైన మన సి.ఆర్. రావు గారు తలుపు తీసింది ఇక్కడే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్లిన ఆయన, 1945లో, ఇంకా పాతికేళ్ల వయసులో, ఒక హద్దు చూపించారు. పక్షపాతం లేని ఏ అంచనా అయినా, ఎంత తెలివిగా లెక్క కట్టినా, డేటాలో ఉన్న సమాచారం అనుమతించిన దానికంటే కచ్చితంగా ఉండలేదు. లెక్క మార్చి ఆ హద్దు దాటలేం. దాటాలంటే ఎక్కువ సమాచారమిచ్చే దెబ్బ కొట్టాలి. 1994లో బారీ నేయర్ అనే అమెరికన్ తన పద్ధతిని సరిగ్గా దానిమీదే కట్టాడు. ప్రతి దెబ్బ తర్వాత అప్పటిదాకా వచ్చిన ఫలితాలన్నీ చూసి, మధ్య, చెదురు రెండింటి గురించీ కలిపి ఎక్కువ సమాచారమిచ్చే ఎత్తు ఏదో కంప్యూటర్ చెబుతుంది. తర్వాతి దెబ్బ అక్కడ. 2014లో వూ, టియాన్ అనే ఇద్దరు మూడు దశల పద్ధతి ఒకటి తెచ్చారు. విశాఖలో చదువుకున్న కుర్రాడి లెక్క ఇప్పుడు విశాఖ పక్కనే పరవాడలో ఒక పౌడర్ మీద పడే దెబ్బని నిర్ణయించగలదు. మనమే వాడుకోవడం లేదు.

అభ్యంతరాలు నాకు తెలుసు, పదకొండేళ్లు విన్నాను. "మెటీరియల్ ఎక్కువ కావాలి కదా?" ముప్ఫై దెబ్బలకి 1,200 ఘన మిల్లీమీటర్లు, టీ చెంచాలో పావు వంతు. ఆర్ అండ్ డీ వాళ్లు దానికంటే ఎక్కువ వేయింగ్ పేపర్ మీద వదిలేస్తారు. "టైమ్ పడుతుంది." పడుతుంది. సిలిండర్లు తుడవాలి, మచ్చపడినవి మార్చాలి, బరువు పైకెత్తాలి. ఒక పూట బదులు ఒక రోజు. స్కేలప్‌కి మీరు ఇచ్చే గడువులో ఒక రోజు. "ఆడిటర్ అడగడు." ఇది మాత్రం నిజం. ఆడిటర్ అడిగేది రిపోర్ట్ ఉందా అని, అందులో ఎన్ని దెబ్బలు ఉన్నాయని కాదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇలా ముందు దెబ్బల ఫలితాన్ని బట్టి తర్వాతి దెబ్బ ఎత్తు మార్చే పరీక్షల్ని సీక్వెన్షియల్ టెస్టులంటారు. పది దెబ్బలతో అలాంటి టెస్టు చేశామనిపించుకునే ల్యాబులు ఉన్నాయి. పేలనివాటిలో అన్నిటికన్నా ఎత్తైనది, పేలినవాటిలో అన్నిటికన్నా తక్కువైనదానికంటే పైన ఉండాలి. అంటే పేలినవీ పేలనివీ కొంతమేర కలగలవాలి. అలా కలవకపోతే సాఫ్ట్‌వేర్ సిగ్మా సున్నా అని చూపిస్తుంది. సున్నా చెదురు అంటే ఆ పౌడర్ గడియారంలా పనిచేస్తోందని కాదు, మీరు ఇంకా ఏమీ తెలుసుకోలేదని. నేనే ఒకసారి అలాంటి సున్నాని అందంగా గ్రాఫ్ వేసి పంపించాను. ఎవరూ అడగలేదు.

ఇంకోటి, పేలిందని చెప్పేది ఎవరు? మా దగ్గర మైక్రోఫోన్ చెడిపోయిన నెలల్లో మా చెవులే. మాన్యువల్ ప్రకారం చప్పుడో మంటో వస్తే పేలుడు, రంగో వాసనో మాత్రమే మారితే విఘటన (డీకంపోజిషన్). ఆ రెండోది పేలుడు లెక్కలోకి రాదు. ఒక సాయంత్రం నా పక్కవాడు 'టప్'మందన్నాడు, నాకేమీ వినపడలేదు. నాకు జలుబు. సిలిండర్ తీసి చూస్తే అంచున గోరంత నల్లటి మరక. వాదించుకుని చివరికి 'విఘటన' అని రాశాం. ఆరు దెబ్బల్లో ఆ ఒక్కటి అటు పడితే హద్దు ఒక మెట్టు దిగేది. ఆ వాదన రిపోర్టులో ఎక్కడా లేదు. వానాకాలం తేమ, పౌడర్ రేణువుల సైజు, తడి కేకుకీ పొడి కేకుకీ ఉన్న తేడా, ఇవీ అంతే, రిపోర్టులో కనపడవు. ఆర్ అండ్ డీ ఫ్లాస్కులో వచ్చిన స్ఫటికం, ప్లాంట్ రియాక్టర్లో వచ్చిన స్ఫటికం ఒకటి కాదని మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఈ గోల మందుల కంపెనీలకెందుకు, బాంబుల ఫ్యాక్టరీ వాళ్లకి చెప్పుకో అంటారేమో. మన దగ్గర తయారయ్యే బీపీ మాత్రల సంగతే తీసుకోండి. లోసార్టన్, వల్సార్టన్‌లలో ఉండే టెట్రజోల్ ఉంగరం ఎక్కువగా సోడియం అజైడ్‌తోనే కడతారు. పెప్టైడ్ బంధాలు కలపడానికి వాడే హెచ్‌ఓబీటీ అనే రసాయనాన్ని నీళ్లు కలిపి అమ్మేది ఎందుకో స్టోర్స్‌లో అందరికీ తెలుసు, పొడిదైతే అది పేలుడు పదార్థాల వరుసలో చేరుతుంది. నైట్రో, అజైడ్, ఎన్-ఓ బంధం, పెరాక్సైడ్ లాంటి రసాయన గుంపులున్న ఇంటర్మీడియట్లు, అంటే మందు తయారీలో మధ్య దశ పదార్థాలు, జీడిమెట్ల నుంచి అచ్యుతాపురం దాకా రోజూ సెంట్రిఫ్యూజ్‌లు దిగుతూనే ఉన్నాయి. వేడి చేసి ఎంత శక్తి విడుదలవుతుందో కొలిచే డీఎస్‌సీ వేసి, ఆ అంకెల నుంచి దెబ్బకి పేలుతుందా అని అంచనా కట్టే యోషిదా సమీకరణంలో పెట్టి, గీత కింద పడిందని హ్యామర్ దాకా పంపనివి ఎన్నో. ఆ సమీకరణమూ ఒక అంచనాయే, దానికీ చెదురు ఉంది.

నేను అడిగేది ఇంతే. 'ఇంపాక్ట్ సెన్సిటివ్ కాదు' అనే మాటని మీకు రిపోర్ట్ ఇచ్చే ల్యాబ్ దగ్గర కొట్టేయించండి. దాని చోట ఎన్ని జౌల్స్ దగ్గర ఎన్ని దెబ్బలు వేశారు, ఎన్ని పేలాయి, ఎన్ని విఘటన చెందాయి, పేలే అవకాశానికి పై హద్దు ఎంత అని రాయమనండి. ఇది ఖర్చు లేని పని, రేపటి నుంచే చేయొచ్చు. నైట్రో, అజైడ్ లాంటి పైన చెప్పిన రసాయన గుంపులున్న మెటీరియల్‌ని ఆరబెట్టబోతున్నా, మిల్లు చేయబోతున్నా, గట్టిపడితే గీకాల్సి వచ్చేలా ఉన్నా, పాతిక ముప్ఫై దెబ్బల సీక్వెన్షియల్ టెస్టు అడగండి. మధ్య, చెదురు, రెండింటి నమ్మక హద్దులు, దెబ్బ దెబ్బకీ పేలిందో లేదో తెలిపే పూర్తి పట్టిక తీసుకోండి. పట్టిక ఇవ్వనంటే ల్యాబ్ మార్చండి. తోక గురించి ల్యాబ్ ఏ అంకె ఇచ్చినా, దాన్ని నమ్ముకుని మాత్రం మనిషి చేతికి స్క్రేపర్ ఇవ్వకండి. తడిగా ఉండగానే దింపే దారి ఉందా, లోహం తగలకుండా తీసే దారి ఉందా అని చూడండి.

ఇంకో చిన్న కోరిక. బ్యాచ్ రికార్డ్ ఇంగ్లిష్‌లో ఉంటుంది, ఫిల్టర్ దగ్గర ఉన్నవాళ్లు తెలుగో ఒడియానో హిందీయో చదువుతారు. టెస్టు ఫలితానికి అర్థమేమిటో వాళ్ల భాషలో ఫిల్టర్ పక్కన గోడ మీద రాయించండి: 'ఆరుసార్లు కొట్టి చూశారు, పేలలేదు. ఏడోసారి సంగతి తెలియదు.' నాకు ప్రశ్న వేసిన ఆ అన్న ఇప్పుడు ఏ యూనిట్‌లో ఉన్నాడో తెలియదు. ఆయన చదివితే, ఆ రోజు నేను ఇవ్వాల్సిన జవాబు అదేనని తెలుస్తుంది.

ఇట్లు,
హ్యామర్ దగ్గర పదకొండేళ్లు నిలబడిన ఒక ల్యాబ్ మనిషి